నేల కింద నదులున్న జిల్లా

అందరికీ నమస్కారం.

ఇండోనేషియాలో జావా దీవి దక్షిణ తీరాన గునుంగ్‌కిదుల్ అనే జిల్లా ఉంది. జిల్లాను అక్కడ కబుపాతెన్ అంటారు, దాన్ని పాలించే ఆయన బుపాతి. మన రాష్ట్రం లాంటి యోగ్యకర్త ప్రత్యేక ప్రాంతంలో ఇలాంటి కబుపాతెన్లు నాలుగు, వాటితోపాటు యోగ్యకర్త నగరం ఉన్నాయి. ఈ ఐదింటిలోకీ విస్తీర్ణంలో గునుంగ్‌కిదులే పెద్దది. సుమారు 1,485 చదరపు కిలోమీటర్లు, అంటే మొత్తం ప్రాంతంలో దాదాపు సగం. 2020 జనగణనలో మాత్రం ఇక్కడ లెక్కకు వచ్చింది 7,47,161 మంది. మొత్తం ప్రాంతం జనాభా 36,68,719. సగం నేల మీద ఐదో వంతు జనం ఉన్నారన్నమాట. పక్కనే మెరాపి అగ్నిపర్వతం వాలులో ఉన్న స్లెమాన్ జిల్లా విస్తీర్ణంలో ఇందులో సగం కూడా ఉండదు, అక్కడ జనం 11 లక్షలు దాటారు.

ఎందుకు ఇంత తేడా? వానలు పడవేమో అనుకుంటాం. పడతాయి, బాగానే పడతాయి. ఏడాదికి రెండు వేల మిల్లీమీటర్లకు అటూ ఇటూగా ఉంటుంది. పడిన నీళ్లు ఎక్కడికి పోతున్నాయో చూస్తే ఈ జిల్లా మనకు అర్థమవుతుంది.

భూమి తీరును బట్టి జిల్లాను మూడు పట్టీలుగా చూడొచ్చు. ఉత్తరాన బాతూర్ అగుంగ్ కొండలు, ఏనాడో చల్లారిపోయిన అగ్నిపర్వతాల శిలలు. న్‌గ్లంగెరాన్ ఊరు ఆ రాళ్ల నీడలోనే ఉంది. 2021లో ఐక్యరాజ్యసమితి పర్యాటక సంస్థ ఉత్తమ పర్యాటక గ్రామాల జాబితాలో ఆ ఊరికి చోటు దక్కింది. నడుమ వొనోసారి పల్లపు మైదానం. ఇక్కడ బావి తవ్వితే నీళ్లు పడతాయి, అందుకే జిల్లా కేంద్రం వొనోసారి, పెద్ద బజార్లు ఈ మైదానంలోనే ఉన్నాయి.

దక్షిణాన ఉన్నది గునుంగ్ సెవు, సున్నపురాయి గుట్టల ప్రాంతం. బోర్లించిన గిన్నెల్లాంటి గుట్టలు వేలకు వేలు, సముద్రం దాకా. ఎంత తిరిగినా ఒక్క ఏరు కనపడదు. వాన నీరు సున్నపురాయిని కొద్దికొద్దిగా కరిగిస్తూ పగుళ్లలోంచి, బిలాల్లోంచి కిందికి దిగిపోతుంది. కింద మాత్రం ఏళ్లున్నాయి, గుహల్లో చీకట్లో పారుతుంటాయి. తంజుంగ్‌సారి వైపు బారోన్ బీచ్‌కి వెళ్తే అలాంటి ఏరు ఒకటి కొండ అడుగు నుంచి బయటపడి, ఇసుక మీదుగా నాలుగడుగులు పారి సముద్రంలో కలిసిపోతుంది. పైన గుట్టల మీద జనం గుక్కెడు నీళ్ల కోసం తిప్పలు పడుతుంటే, కింద మంచినీళ్లు ఉప్పునీళ్లలో కలిసిపోతున్నాయి. నాకు ఈ జిల్లా గురించి అన్నిటికన్నా బాధ కలిగించే సంగతి ఇదే.

అక్కడక్కడా తెలాగాలు ఉంటాయి. గుట్టల మధ్య పల్లంలో ఎర్రమట్టి పేరుకుని అడుగు బిగుసుకుంటే ఏర్పడే కుంటలు అవి. స్నానాలు, బట్టలు ఉతకడం, పశువులను కడగడం అన్నీ అందులోనే సాగేవి. ఎండాకాలం మధ్యకొచ్చేసరికి చాలా కుంటలు ఎండి నెర్రెలిస్తాయి. అప్పుడిక ట్యాంకరే దిక్కు. సర్కారు ట్యాంకరు వస్తే సరే, రాకపోతే డబ్బులు పెట్టి కొనాలి. అందుకోసం మేకను అమ్ముకున్న కుటుంబాలూ ఉన్నాయి.

తిండి కూడా ఈ నేల చెప్పినట్టే సాగింది. వరి పండని చోట కర్రపెండలం పండించారు. దుంపల తొక్క తీసి, ముక్కలు చేసి ఎండబెడతారు, దాన్ని గప్లెక్ అంటారు. దాన్ని దంచిన పిండి మీద నీళ్లు చిలకరిస్తూ, చేటలో తిప్పుతూ చిన్న చిన్న పలుకుల్లా చేసి ఆవిరి మీద ఉడికిస్తే తీవుల్ తయారు. తరాల పాటు అన్నానికి బదులు అదే తిన్నారు. ఒకప్పుడు పేదల కూడు అని తక్కువగా చూసిన దాన్ని ఇప్పుడు పర్యాటకులు ప్యాకెట్లలో కొనుక్కుపోతున్నారు. పొలం మీదే బతకడం కష్టం కాబట్టి పడుచువాళ్లు జకార్తా దారి పట్టారు. కూలి పనులు, తోపుడు బళ్ల మీద నూడుల్స్ అమ్మకాలు. రంజాన్ పండక్కి ఊళ్లు నిండుతాయి, పండగయ్యాక ముసలివాళ్లు మిగులుతారు.

పాలన సంగతికొస్తే, జిల్లాలో 18 కపనెవొన్లు, వాటి కింద 144 కలురహన్లు ఉన్నాయి. మనకు మండలం, గ్రామ పంచాయతీ ఎలాగో అలాగనుకోండి. ఇండోనేషియాలో చాలాచోట్ల వీటిని కెచమతాన్, దేశా అంటారు. యోగ్యకర్తకు 2012 చట్టం ప్రత్యేక హోదా ఇచ్చింది, అక్కడ సుల్తానే గవర్నరు. ఆ హోదాకు తగ్గట్టు 2019 నాటి గవర్నర్ ఉత్తర్వుతో పాత జావా పేర్లు తిరిగొచ్చాయి. కపనెవొన్ పెద్ద పనెవు ప్రభుత్వ ఉద్యోగి. కలురహన్ పెద్ద లురాహ్‌ను, జిల్లా పెద్ద బుపాతిని జనం ఓటేసి ఎన్నుకుంటారు.

ఈ సరిహద్దుల వెనుక రాజుల కాలపు పంపకాలూ ఉన్నాయి. ఉత్తరాన ఉన్న న్‌గావెన్ చుట్టూ యోగ్యకర్త సుల్తాను నేలే ఉన్నా, అది మాత్రం సురకర్త వైపు మంగ్కునెగరన్ సంస్థానానికి చెందిన తునక. స్వాతంత్ర్యం వచ్చాక కూడా కొన్నేళ్లు అలాగే ఉండిపోయి, 1957లో యోగ్యకర్తలో కలిసింది.

మనుషులు గీసుకున్న గీతలు నీళ్లకు పట్టవు. పోన్‌జోంగ్ కపనెవొన్‌లో బిలాల్లోకి దిగిన వాన నీరు భూమి కింద సెమాను వైపు, బ్రిబిన్ గుహలోకి చేరుతుంది. జర్మనీలోని కార్ల్స్‌రూహె ఇంజినీర్లు, ఇండోనేషియా వాళ్లు కలిసి అక్కడ దాదాపు 100 మీటర్ల లోతుకు నిలువు బావి తవ్వి, గుహకే ఆనకట్ట వేశారు. కింద పారే నీటి ఊపుతోనే పంపులు తిరిగి నీళ్లు పైకొచ్చేలా ఏర్పాటు చేశారు. ఎంతో గొప్ప పని అది. కాకపోతే సున్నపురాయిలో నీళ్లు వడకట్టబడవు. పైన బిలంలో పడిన పేడైనా, ఎరువైనా కింద ఏట్లో తేలుతుంది.

గునుంగ్ సెవును 2015లో యునెస్కో అంతర్జాతీయ జియోపార్క్‌గా, అంటే అరుదైన శిలలు, నేల తీరు ఉన్న కాపాడుకోదగ్గ ప్రాంతంగా గుర్తించింది. అందులో గునుంగ్‌కిదుల్‌తో పాటు మధ్య జావాలోని వొనోగిరి, తూర్పు జావాలోని పచితాన్ జిల్లాలు ఉన్నాయి. గుహలను లోకానికి చూపించడానికి మూడు జిల్లాలు ఒక్కటయ్యాయి, సంతోషం. ఆ గుహల్లో పారే నీటి విషయంలోనూ అంతే పట్టుదల చూపాలి. పోన్‌జోంగ్‌లో బిలం పక్కన పశువుల కొట్టం కట్టాలన్నా, గుట్ట తవ్వి సున్నపురాయి అమ్ముకోవాలన్నా, సెమానులో ఆ నీళ్లు తాగేవాళ్లను ముందుగా అడగాలని నేను గట్టిగా అంటాను.

ఇక మీ ప్రశ్నలు అడగండి.