పెరట్లో పిట్టల పనిపాటలు

శ్రోతలకు నమస్కారం.

గోరింకలు గుంపుకట్టి ఒకటే పనిగా అరుస్తుంటే మన ఊళ్లలో పెద్దవాళ్లు ముందు కర్ర వెతుక్కుంటారు. పామొచ్చిందని వాళ్ల లెక్క. ఆ లెక్క ఊరికే పుట్టింది కాదు. పామో, పిల్లో, ముంగిసో కంటపడితే గోరింక మామూలు కూతలు మానేసి గరగరమని గోల పెడుతుంది. అది విని పికిలిపిట్టలు అందుకుంటాయి, ఉడతలు అందుకుంటాయి. పిట్టల పుస్తకం ఏనాడూ తెరవని మనుషులు పిట్ట అరుపును బట్టి గడ్డివాము దగ్గరికి పోవాలో వద్దో తేల్చుకున్నారు. ఈ పూట నేను మాట్లాడేదీ అదే. పెరట్లోకి వచ్చే పిట్ట పేరేమిటన్నది తర్వాత చూసుకోవచ్చు, ముందు అది ఏం చేస్తోందో చూద్దాం.

దీనికి దుర్భిణి అక్కర్లేదు. నల్లగొండలోనైనా, పాలమూరులోనైనా ఒక జామచెట్టు, రెండు మందారాలు, గిన్నెలు కడిగిన నీళ్లు పారే చోట ఒక కరివేపాకు చెట్టు ఉంటే చాలు. పొద్దుగాల ఒక గంట, మాపటికి ఎండ దిగాక ఇంకొక గంట కూర్చోండి. మిట్టమధ్యాహ్నం కూర్చుంటే మనకు వడదెబ్బ తప్ప దక్కేదేమీ లేదు.

మందార దగ్గర తేనెపిట్టను గమనించండి. చాలాసార్లు అది పువ్వు ముందుకు రాదు. పక్కన కొమ్మ మీద వాలి, పువ్వు మొదట్లో ముక్కుతో పొడిచి, అక్కడి నుంచే తేనె తాగి పోతుంది. ఒంటికి పుప్పొడి అంటదు కనుక పువ్వుకు ఏ లాభమూ లేదు. సూటిగా చెప్పాలంటే అది దొంగతనమే. పిల్లల్ని పెంచే కాలంలో మగది నల్లగా ఉండి, ఎండ తగిలితే ఊదారంగులో, నీలంగా మెరుస్తుంది. ఆ కాలం దాటాక ఆ రంగు పోయి, ఆడదానిలాగే పసుపురంగుకు వస్తుంది, గొంతు కింద ఒక నల్లచార మాత్రం మిగులుతుంది. గూడు కట్టే పని ఆడదానిదే. సాలెగూళ్లు, ఎండుటాకులు, బెరడు పెచ్చులు కలిపి కొమ్మకు చెత్త చిక్కుకున్నట్టు వేలాడదీస్తుంది. ఒక్కోసారి మన బట్టలారేసే తీగకే కట్టేస్తుంది. అట్లాంటప్పుడు ఒక నెల పాటు బట్టలు మిద్దె మీద ఆరేసుకుంటే సరి.

వానలు మొదలయ్యాక వెతకాల్సింది కుట్టుపిట్టను. దర్జీపిట్ట అన్నా ఇదే. పది గ్రాములు కూడా తూగదు, గొంతు మాత్రం పెరడంతా మోగుతుంది. తోక నిక్కబొడుచుకొని, వంగచెట్ల మధ్య ఆకుల కింద పురుగులు ఏరుకుంటూ తిరుగుతుంది. ఇది వెడల్పాటి ఆకును, లేదంటే పక్కపక్కనున్న రెండు ఆకులను ఎంచుకొని, అంచుల్లో సూదిముక్కుతో బెజ్జాలు పొడుస్తుంది. వాటిలోంచి పత్తిపోగులు, నారపీచు, సాలెదారం లాగి ఆకును దొన్నెలా దగ్గరికి కుడుతుంది. ముడి వేయదు. బెజ్జం సన్నం, బయటికి వచ్చిన పోగు కొస విచ్చుకొని ఉంటుంది, అందుకే కుట్టు జారదు. కుట్టేది ఆడదే. ఆకు కొమ్మకే ఉంటుంది, పచ్చగానే ఉంటుంది కాబట్టి ఆ గూడు పక్కనుంచి రోజూ నడిచినా మన కంటికి ఆనదు. తెలిసిన తర్వాత మాత్రం ఆకు విప్పి చూడకండి, ఫొటో కోసం కొమ్మ వంచకండి. గూడు బయటపడితే జెముడుకాకి వదలదు.

ఇక కోయిల సంగతి. పాడేది మగదని చాలామందికి తెలుసు. ఒళ్లంతా నలుపు, కళ్లు ఎరుపు. ఆడది గోధుమరంగులో, తెల్లచుక్కలతో ఉంటుంది, అది పాడదు, కిక్‌కిక్‌మని అరుస్తుంది. ఎండకాలం చివర్లో యాపచెట్టు మీద కాకి పుల్లలు పేర్చడం చూశారంటే ఆ చెట్టు మీద కన్నేసి ఉంచండి. మగకోయిల కనబడేట్టు కూర్చొని కూస్తే కాకులు దాన్ని తరుముతాయి. ఆ సందులో ఆడది గూట్లో గుడ్డు పెట్టి జారుకుంటుంది. కోయిల గుడ్డు కాకి గుడ్ల కన్నా కొన్ని రోజులు ముందే పొదుగుతుంది. కోయిల పిల్ల కాకి గుడ్లను తోసిపారేస్తుందని చెప్పుకుంటారు గాని, మన కోయిలకు సాధారణంగా ఆ అలవాటు లేదు. ముందు పుట్టి, ముందు నోరు తెరిచి, ఎక్కువ తిండి లాక్కుంటుంది, అంతే. వానకాలంలో, రెక్కలొచ్చిన కోయిల పిల్ల వెంటపడి అరుస్తుంటే కాకి దాని నోట్లో తిండి పెట్టడం మీ పిట్టగోడ మీదే కనబడవచ్చు.

నల్లగొండ ఎండలు నలభై నాలుగు, నలభై అయిదు డిగ్రీల దాకా పోతాయి. పిట్టలకు చెమట పట్టదు. అందుకే కాకి ముక్కు తెరిచి, రెక్కలు ఒంటికి అంటకుండా దూరంగా పెట్టి నిలబడుతుంది. అది జబ్బు కాదు, ఒంటి వేడి దించుకోవడం. ఆ రోజుల్లో గింజల కన్నా నీళ్లే ముఖ్యమని నా అభిప్రాయం. అడుగు లోతు బకెట్ పెడితే చిన్న పిట్ట మునుగుతుంది. వెడల్పాటి మట్టి మూకుడులో రెండంగుళాల నీళ్లు పోసి, మధ్యలో ఒక రాయి పెట్టి, నీడలో ఉంచండి. పిల్లి నక్కే పొద పక్కన మాత్రం వద్దు. నీళ్లు రోజూ మార్చాలి, లేకుంటే దోమలు పెంచినవాళ్లమవుతాం.

పిచ్చుకకు నీళ్లే కాదు, దుమ్ము కూడా కావాలి. నేలలో గుంత చేసుకొని, పొడిమట్టిని ఈకల్లోకి చిమ్ముకుంటుంది. ఒంటి జిడ్డు, పేలు వదిలించుకునే స్నానం అది. వాకిలి మొత్తం సిమెంటు పోసి, పిచ్చుకలు రావడం లేదని బాధపడే ఇళ్లు చాలానే ఉన్నాయి. దర్వాజకు వరికుచ్చులు కట్టడం మంచిదే, కానీ అవి పెద్ద పిచ్చుకల తిండి. గూట్లో పిల్లలకు తల్లిదండ్రులు ఎక్కువగా పెట్టేది పురుగులు. వంగచెట్లకు మందు కొట్టే ముందు అది గుర్తుంటే చాలు.

కొందరు ఇంకొకటి అడుగుతుంటారు. బండి అద్దం మీదికి పికిలిపిట్టో తేనెపిట్టో రోజూ వచ్చి పొడుస్తోంది, దానికి పిచ్చి పట్టిందా అని. పిచ్చేం లేదు. గూడు కట్టే కాలంలో తన చోటులోకి ఇంకో పిట్ట వస్తే తరమడం దాని పని. అద్దంలో కనబడేది తనే అని దానికి తెలియదు, ఎంత పొడిచినా ఎదుటిది పారిపోదు. ఊరికే అలసిపోతుంది. బండి నిలిపిన ప్రతిసారి అద్దాలకు చెరొక పాత సాక్సు తొడగండి. అద్దం కనబడకపోతే అది ఆ గొడవ మాని, తన గూటి పనిలో పడుతుంది.

నమస్కారం.