చిల్లర లెక్కకి మెషిన్ కావాలా, కాటా చాలా? | మా జాడీ మొత్తం లెక్కపెట్టి చూశా

నమస్తే అండీ. ముందు ఈ చప్పుడు వినండి. విన్నారు కదా? ఇది విశాఖపట్నం అక్కయ్యపాలెంలో మా అమ్మ నడిపే కిరాణా కొట్టు చిల్లర. గల్లాపెట్టెలో పట్టనిదంతా అమ్మ ఈ పాత ఆవకాయ జాడీలో పోస్తూ వచ్చింది. రెండేళ్లది. కాటా మీద పెడితే జాడీ బరువు తీసేసినా ఆరున్నర కిలోల పైనే తూగింది.

దీన్ని లెక్కపెట్టడానికి ఆన్‌లైన్‌లో ఈ సార్టర్ తెప్పించాను. 450 రూపాయలు. మీలో చాలామంది కామెంట్లలో అడిగింది ఇలాంటిదే, అందుకే కొన్నాను. పైన బిళ్లలు పోసి ఊపితే సైజును బట్టి ఒక్కోటి ఒక్కో అరలో పడాలి. ప్లాస్టిక్ గట్టిగానే ఉంది, అరలు సాఫీగా జారుతున్నాయి. వస్తువులో లోపం లేదు. అయినా మన ఇళ్లకి ఇది పనికిరాదు. ఎందుకో దగ్గరగా చూపిస్తాను.

కెమెరా దగ్గరికి తెస్తున్నా. నా చేతిలో మూడు బిళ్లలున్నాయి. ఇది బొటనవేలు పైకెత్తిన చెయ్యి బొమ్మ ఉన్న పాత రూపాయి. ఇది 2011 సిరీస్ రెండు రూపాయలు. ఇది 2019లో వచ్చిన కొత్త ఐదు రూపాయలు. ఇప్పుడు మూడింటినీ ఒకదాని మీద ఒకటి పెట్టి, అంచు చుట్టూ గోరు తిప్పుతున్నా. ఎక్కడైనా మెట్టు తగులుతోందా? లేదు. మూడూ సరిగ్గా 25 మిల్లీమీటర్లే. అంటే రూపాయి, రెండు, ఐదు, మూడూ ఈ మెషిన్‌లో ఒకే కన్నంలోంచి దిగుతాయి! 2011 నాటి ఇత్తడి ఐదు 23 మిల్లీమీటర్లు, 2019 రెండు రూపాయలు కూడా 23. పది, ఇరవై రెండూ 27. జాడీలోంచి ఒక వంద బిళ్లలు తీసి పోసి చూశాను. 38 తప్పు అరలో పడ్డాయి. వాటిని మళ్లీ ఏరుకోవడానికి పట్టిన టైములో మొత్తం చేత్తోనే అయిపోయేది.

ఈ రకం సార్టర్లు పుట్టింది అమెరికా లాంటి దేశాల నాణేల కోసం. అక్కడ క్వార్టర్, అంటే పావు డాలర్ బిళ్ల, 24.26 మిల్లీమీటర్లు, వాడుకలో ఉన్నవన్నీ అంతే. 40 క్వార్టర్లు కాగితంలో చుడితే పది డాలర్ల రోల్. మన దగ్గర రూపాయి సైజు ఎన్నోసార్లు మారింది, పాతవీ కొత్తవీ కలిసే తిరుగుతున్నాయి. కళ్లు సరిగా కనిపించని మా మేనత్త రెండు రూపాయలనుకుని రూపాయి ఇచ్చి ఎన్నిసార్లు మాట పడిందో నాకు తెలుసు. ఆవిడ చేతికి కూడా ఇవి ఒకటే. అందుకే ఈ సైజుల గందరగోళం నాకు చిన్న విషయంగా అనిపించదు.

సరే, మరి ఏం చేశానో చెప్తా. పాత స్పీకర్‌లోంచి తీసిన అయస్కాంతం ఒకటి మా ఇంట్లో ఉంది. బిళ్లల్ని నేల మీద న్యూస్‌పేపర్ పరిచి పోసి, దీన్ని పైనుంచి తిప్పితే స్టీలు రూపాయలు, రెండు రూపాయలు గుత్తులుగా అంటుకుని లేచొస్తాయి. ఇత్తడి ఐదు రూపాయలు నేల మీదే ఉండిపోతాయి. సగం పని ఇక్కడే అయిపోతుంది. 2007 ప్రాంతంలో వచ్చిన స్టీలు ఐదు రూపాయలు మాత్రం రూపాయలతో పాటు అంటుకుంటాయి, అవి ఏరుకోవాలి.

తర్వాత స్టీలు గుట్టలో రూపాయి గుర్తు చూడండి. అది 2010లో వచ్చింది, బిళ్లల మీద 2011 సిరీస్ నుంచి ఉంది. గుర్తు లేకపోతే పాతది. గుర్తు ఉండి, పక్కన ధాన్యం కంకుల డిజైన్ ఉంటే 2019 సిరీస్. ఇలా సిరీస్ వారీగా విడదీయడం ఎందుకంటే, కాటా పనిచేసేది అప్పుడే. రాసుకోండి. 2011 రూపాయి 3.79 గ్రాములు, అంటే వంద వేస్తే 379. 2019 రూపాయి అయితే వందకి 309. 2011 రెండు రూపాయలు వందకి 485, 2019వి 407. ఇత్తడి ఐదు వందకి సరిగ్గా 600, కొత్త ఐదు 674. ఇంకొకటి, పాత పెద్ద రూపాయి కూడా వందకి 485 గ్రాములే! కవర్ 485 తూగిందంటే అందులో వంద రూపాయలు ఉండొచ్చు, రెండు వందలూ ఉండొచ్చు. కలిపి తూచితే మోసపోతారు.

నేను వాడింది మా వంటింట్లో కేకు పిండి తూచే కాటా, ఒక గ్రాము వరకూ చూపిస్తుంది. అరిగిన బిళ్లలు ఉంటే వందకి రెండు మూడు గ్రాములు తగ్గుతుంది, అంటే ఇంచుమించు ఒక బిళ్ల తేడా. అందుకే ప్రతి కవర్‌నూ తూచాక, పది పది దొంతర్లు పెట్టి ఒకసారి కంటితో కూడా సరిచూశాను. తడి ఉంటే తూకం తప్పుతుంది. మన ఊళ్లో సముద్రం గాలికి స్టీలు బిళ్లల మీద గోధుమరంగు మచ్చలు వస్తాయి కదా, సబ్బునీళ్లతో కడిగి పొడి గుడ్డ మీద రాత్రంతా ఆరబెట్టాను. చింతపండు పెట్టి తోమక్కర్లేదు.

ఆరబెడుతూ అమ్మ ఒక బిళ్ల నా చేతికిచ్చి, సంవత్సరం కింద ఈ చుక్క ఏంటే అని అడిగింది. దగ్గరగా చూడండి, ఇది నక్షత్రం. నక్షత్రం ఉంటే హైదరాబాద్ టంకశాలలో కొట్టిన బిళ్ల. గుండ్రటి చుక్క ఉంటే నోయిడా, డైమండ్ ఉంటే ముంబై, ఏమీ లేకపోతే కోల్‌కతా. ఆ తర్వాత అరగంట అమ్మ నక్షత్రాలే ఏరుతూ కూర్చుంది. నేనూ ఆపలేదు.

మొత్తం లెక్క: రూపాయలు 640, రెండు రూపాయలు 410, ఐదులు 296, పదులు 63, ఇరవైలు 4. అన్నీ కలిపి 3,650 రూపాయలు. పదిహేడు పావలాలు కూడా దొరికాయి. అవి 2011 జూన్ 30 నుంచి చెల్లవు. అర్ధరూపాయి మాత్రం ఇప్పటికీ చెల్లుతుంది.

ఇక రోల్స్ సంగతి. బ్యాంకు కోసం కాగితంలో చుట్టకండి, కౌంటర్లో విప్పాల్సిందే. వంద వంద చొప్పున పాలిథీన్ కవర్లలో వేస్తే బ్యాంకుకీ మనకీ సులువని రిజర్వ్ బ్యాంకే చెప్పింది. రూపాయి, రెండు రూపాయలు తూకం వేసి తీసుకోవడం మంచిదని కూడా చెప్పింది. ఖాతాలో వేసే చిల్లరకి పరిమితి లేదు. మా దగ్గర్లోని ఒక బ్రాంచిలో రెండుసార్లు స్టాఫ్ లేరు, రేపు రండి అని పంపించేశారు. చాలా బాధనిపించింది, అంత బరువు మోసుకుని ఎండలో వెళ్లాం. మూడోసారి ఒక్కో కవర్ మీద బిళ్ల, సంఖ్య, మొత్తం రాసి పట్టుకెళ్తే పావుగంటలో తీసుకున్నారు. పది రూపాయల బిళ్ల చెల్లదని ఎవరన్నా నమ్మకండి. అప్పటికి వచ్చిన 14 డిజైన్లూ చెల్లుతాయని 2018లో రిజర్వ్ బ్యాంక్ స్పష్టంగా చెప్పింది. అనుమానముంటే 14440కి ఫోన్ చేయండి, ఉచితం.

మరి రోల్స్ ఎవరికి? బజారుకి. అందరూ ఫోన్‌లోనే కడుతున్నా చిల్లర అవసరం పోలేదు. తెల్లకాగితం అడ్డంగా నాలుగు ముక్కలు చేసి, ఇరవై రూపాయి బిళ్లల దొంతర పెట్టి, ఇలా బిగించి చుట్టి, రెండు చివర్లూ లోపలికి మడిచి ఒక్క టేపు. పైన పెన్నుతో 20 అని రాయండి. న్యూస్‌పేపర్ వద్దు, ఇంకు బిళ్లలకి అంటుతుంది. సీతమ్మధార రైతుబజార్లో ఇవి పది ఇచ్చి రెండు వంద నోట్లు అడిగితే, కూరలమ్మే ఆవిడ ఒక రోల్ విప్పి చూసుకుని, రేపు కూడా తెమ్మని చెప్పింది. మార్గశిర గురువారాలు వస్తే బురుజుపేట కనకమహాలక్ష్మి అమ్మవారి గుడికి వెళ్లేవాళ్లు మా కొట్టుకొచ్చి చిల్లర అడుగుతారు. వాళ్ల కోసం అమ్మ పదిహేను రోల్స్ పక్కన పెట్టింది.

కాబట్టి సార్టర్ లింక్ కింద ఇవ్వడం లేదు. నేను రిటర్న్ పెట్టేశా, రేపు వచ్చి తీసుకెళ్తారు. తూకాల పట్టిక మాత్రం డిస్క్రిప్షన్‌లో ఉంది, స్క్రీన్‌షాట్ తీసి కాటా పక్కన అంటించుకోండి.