జనం చేతికి అందిన రూపం

(హనుమకొండలో యువ చిత్రకారుల ప్రదర్శన ప్రారంభ సభలో ఒక విశ్రాంత డ్రాయింగు ఉపాధ్యాయుడు చేసిన ప్రసంగ పాఠం)

సభాధ్యక్షులకు, వేదిక మీది పెద్దలకు, ఈ గదుల నిండా బొమ్మలు పెట్టిన యువ చిత్రకారులకు, వాళ్లకు రంగులు కొనిచ్చి ఇప్పుడు ఉద్యోగం సంగతేమిటని దిగులుపడుతున్న తల్లిదండ్రులకు నా నమస్కారాలు. నాకిచ్చిన అంశం సామాజిక, రాజకీయ మార్పులో కళ పాత్ర. ఇచ్చిన సమయం ఇరవై నిమిషాలు. ఉద్యోగమంతా ప్రభుత్వ బడుల్లో డ్రాయింగు పీరియడుతోనే గడిచింది. ఆ పీరియడును లెక్కల మాస్టారు సగం తీసుకోవడం ఆనవాయితీ కాబట్టి తక్కువ సమయంలో ఎక్కువ చెప్పడం కొంత అలవాటే. నా వెనక కట్టిన ఫ్లెక్సీ మీద నా ఫొటో కూడా వేశారు. దాని సంగతి కాసేపాగి మాట్లాడుకుందాం.

కళ సమాజాన్ని మారుస్తుందని ఇటువంటి సభల్లో ప్రతిసారీ అంటాం, చప్పట్లు కొడతాం, ఏ కళ, ఎవరి చేతిలో ఉన్నప్పుడు అని మాత్రం అడగం. ఒక రూపాన్ని చూసిన మనిషి ఇది నేనూ చేయగలను, లేదా ఇది నేను చెప్పినట్టు వచ్చింది అనుకున్నప్పుడే ఆ రూపానికి రాజకీయ బలం వస్తుందని నా నమ్మకం. 1213 నాటి రామప్ప గుడికి 2021లో ప్రపంచ వారసత్వ గుర్తింపు వచ్చినప్పుడు నేనూ మిఠాయి పంచాను. కాని ఆ రాతి ముందు మనం చూసేవాళ్లమే. ఈ రోజు నేను మాట్లాడదలచింది చూసేవాళ్లను చేసేవాళ్లుగా మార్చిన రూపాల గురించి.

2016లో జిల్లాలు విడిపోయే దాకా చేర్యాల మన వరంగల్ జిల్లాలోనే ఉండేది. అక్కడి నకాషీ అనే చిత్రకార కుటుంబాలు గీసే పటాలను ఇప్పుడు గోడకు తగిలించుకునే అందమైన వస్తువులుగా కొంటున్నాం. కొనండి, తప్పులేదు, ఆ ఇళ్లల్లో పొయ్యి వెలుగుతుంది. అయితే చింతగింజల అంబలి, సుద్ద, జిగురు పట్టించిన ఖద్దరు గుడ్డ మీద ఎర్రటి రంగు పరిచి గీసిన ఆ పటం ఒకప్పుడు ఊరూరా తిరిగే కథకుల సొత్తు. పద్మశాలీలకు మార్కండేయ పురాణం చెప్పే కూనపులి వాళ్లకు ఒక పటం, ముదిరాజులకు కథ చెప్పే కాకిపడగల వాళ్లకు మరొకటి, మాదిగలకు జాంబపురాణం చెప్పే డక్కలి వాళ్లకు ఇంకొకటి ఉండేవి. గుడి మెట్టు కూడా ఎక్కనివ్వని కాలంలో, భూమి పుట్టకముందే జాంబవుడు పుట్టాడని, ఆయనే మీ మూలపురుషుడని వాడ నడుమ పటం విప్పి, కిన్నెర వాయిస్తూ చూపించడమంటే ఏమిటో ఒక్కసారి ఊహించండి. ఆ పటం గీసింది నకాషీ చేయే అయినా, అందులో ఏ ఘట్టం ఉండాలో, ఎవరు పెద్దగా కనిపించాలో చెప్పింది కథకుడు. ఆ కథకుణ్ని పోషించింది కథ విన్న కులం. ఊరు చెప్పిన చరిత్రకు వాడ ఇచ్చిన జవాబుగానే నేను దాన్ని చూస్తాను.

ఇక గోడల దగ్గరికి వస్తాను. నిజానికి నేను ఈ సభకు ఒప్పుకున్నదే గోడల గురించి మాట్లాడవచ్చని. డెబ్బయ్యవ, ఎనబయ్యవ దశకాల్లో వరంగల్‌లో చదువుకున్నవారెవరికైనా గోడరాతలు గుర్తుండే ఉంటాయి. తెల్లారి కళాశాలకు వెళ్లేసరికి రాత్రి లేని నినాదం గోడ మీద ఉండేది. ఆ నినాదాల రాజకీయంతో మీరు ఏకీభవించవచ్చు, విభేదించవచ్చు. నేను వాటి రూపకల్పన గురించి చెబుతున్నాను. తెలుపుకు సున్నం, ఎరుపుకు జాజు, ఈతమట్ట కొసను రాయితో నలగగొడితే కుంచె. మన ఇళ్లల్లో ఆడవాళ్లు పండుగకు అరుగులకు జాజు పూసి సున్నంతో ముగ్గు పెట్టేవారు కదా, రాజకీయం వాడుకున్నది సరిగ్గా ఆ సరుకునే. అందుకే ఏ దుకాణంలోనూ ఆరా తీసి రాసినవాణ్ని పట్టుకోవడం కుదిరేది కాదు. పోలీసు జీపు వచ్చేలోపు ముగించాలి కాబట్టి నినాదం పొట్టిగా ఉండేది. వీధిదీపం లేని చోట కూడా చదవగలగాలి కాబట్టి అక్షరం బొద్దుగా, తలకట్టు విడిగా కనిపించేలా ఉండేది. ఈ నియమాలను ఏ కళాశాలా బోధించలేదు. అవసరమే ఆ అక్షరాలకు ఆకారం ఇచ్చింది, ఆ ఆకారాన్ని చూసి పక్క ఊరి కుర్రవాడు తన గోడ మీద తన ఊరి సమస్య రాసుకున్నాడు.

ఆ గోడలను బతికించినవాళ్లలో దుకాణాల బోర్డులు రాసే చిత్రకారులు కూడా ఉన్నారు. ఎన్నికలొస్తే అన్ని పార్టీల గుర్తులూ గీసి, పార్టీకొక రంగు డబ్బా పెట్టుకుని, బోర్డు అడుగున ఫలానా ఆర్ట్స్ అని చిన్న అక్షరాలతో సంతకం చేసేవారు. చౌరస్తాలో నిలబడి చూస్తే ఏ 'క' ఎవరి చేతిదో చెప్పగలిగేవాళ్లం. తర్వాత ఫ్లెక్సీ వచ్చింది. మిత్రులారా, ఒక్కసారి నా వెనకకు చూడండి. ఎవరి ఫొటో పెద్దది, ఎవరిది చిన్నది, ఎవరు పై వరుసలో ఉన్నారు, ఎవరు అంచున ఉన్నారు అన్నదంతా పదవుల క్రమంలో ఉంది. చిత్రకారుల బొమ్మ ఒక్కటి కూడా లేదు. చిత్రకళా ప్రదర్శనకు కట్టిన ఫ్లెక్సీ ఇది! నిర్వాహకులు నా శిష్యులే కాబట్టి ఈ మాట అంటున్నాను. గోడరాతలో మాట ముందుండేది, రాసినవాడు కనిపించేవాడు కాదు. ఫ్లెక్సీలో ముఖాలే మిగిలాయి, మాట పోయింది, రాసే చేతులకు పని కూడా పోయింది. సభ ముగిశాక ఆ ప్లాస్టిక్ గుడ్డ ఏ డ్రైనేజీలో తేలుతుందో మీకు నేను చెప్పనక్కరలేదు.

సమయం గురించి అధ్యక్షులు సైగ చేస్తున్నారు. అయినా బతుకమ్మ గురించి చెప్పకుండా వరంగల్‌లో ఈ అంశం ముగించలేను. ప్రత్యేక తెలంగాణ కోసం 2011 సెప్టెంబరు 13న మొదలైన సకల జనుల సమ్మె 42 రోజులు సాగింది, బతుకమ్మ పండుగ సరిగ్గా ఆ రోజుల్లోనే వచ్చింది. తంగేడు చెలకల గట్ల మీద ఊరికే పూస్తుంది, గునుగు చేల అంచున మొలుస్తుంది, పేర్చడం ప్రతి ఇంట్లో తల్లి నుంచి బిడ్డకు వస్తుంది. పాట కూడా అంతే. ఉయ్యాలో అనే వంత ముందే ఉంది, దాని ముందు ఏ మాటైనా ఇముడుతుంది, ధరలూ ఇముడుతాయి, ఉద్యోగాలూ ఇముడుతాయి, రాష్ట్రమూ ఇముడుతుంది. అందుకే నాయకుడు లేని చౌరస్తాలో కూడా బతుకమ్మ చుట్టూ ఉద్యమం నడిచింది. ప్రజాగాయకుడు గద్దర్ భుజాన వేసుకున్న గొంగడిని కూడా నేను ఇదే వరుసలో పెడతాను. గొర్ల కాపరి చలికీ వానకూ కప్పుకునే నల్ల గొంగడి, చేతికర్ర, కాలి గజ్జె వేదిక ఎక్కినప్పుడు, ఎదుట కూర్చున్నవాడికి తన తండ్రి కనిపించాడు.

రూపకల్పన అనగానే మనకు కుంచె, కంప్యూటరు గుర్తొస్తాయి. బ్యాలెట్ కాగితం ఎవరికీ గుర్తు రాదు. 1951-52 మొదటి సాధారణ ఎన్నికల నాటికి దేశంలో చదవగలిగినవారు నూటికి ఇరవై మంది కూడా లేరు కాబట్టి గుర్తులు పెట్టారు. ఒక్కో అభ్యర్థికి ఒక్కో పెట్టె, దాని మీద ఆయన గుర్తు. ఆ తర్వాత ఎన్నికల సంఘంలో ఎం.ఎస్.సేథీ అనే చిత్రకారుడు పెన్సిలుతో గీసిన బొమ్మలెన్నో ఇప్పటికీ పోటీలో నిలబడుతున్నాయి. రోడ్డు రోలరు బొమ్మ కారులా కనిపించి ఓట్లు పోతున్నాయని మన రాష్ట్రంలో కారు గుర్తున్న ఒక పార్టీ న్యాయస్థానాల దాకా వెళ్లింది. చిన్న గీతకు ఎంత విలువ ఉందో రాజకీయ నాయకులకు తెలుసు, చిత్రకారులమైన మనకే తెలియదు.

జనానికి కూడా తెలుసు. 1996లో ఫ్లోరైడ్ నీళ్లతో ఎముకలు వంగిపోతున్న నల్లగొండ ప్రజలు తమ గోడు వినిపించడానికి లోక్‌సభ ఎన్నికల్లో మూకుమ్మడిగా నామినేషన్లు వేశారు. 480 మంది అభ్యర్థులు నిలబడేసరికి బ్యాలెట్ కాగితం పుస్తకమంత అయింది, పోలింగు వాయిదా పడింది. 2019లో మన ఉత్తర తెలంగాణలోనే, నిజామాబాద్‌లో, పసుపు, ఎర్రజొన్న రైతులు అదే దారి పట్టారు. మొత్తం 185 మంది బరిలో నిలిచారు. ఒక్కో యూనిట్‌కు 16 మీటల లెక్కన ప్రతి పోలింగు కేంద్రంలో 12 బ్యాలెట్ యూనిట్లు పేర్చవలసి వచ్చింది. గోడ పొడవునా పరిచిన ఆ యంత్రాల వరుస ముందు నిలబడి తన గుర్తు వెతుక్కున్న ప్రతి ఓటరూ పసుపు రైతు కష్టాన్ని చదివినట్టే. ఏ చిత్రకారుడూ లేకుండా, ప్రభుత్వం తయారుచేసిన నమూనాలోనే, ప్రభుత్వ ఖర్చుతోనే రైతులు ఇంత పెద్ద చిత్రం గీశారు. పసుపు బోర్డు 2025 జనవరిలో నిజామాబాద్‌లో మొదలైంది. అది ఆ యంత్రాల వల్లనే వచ్చిందని నేను అనను, కాని ఆ కోరికను దేశమంతా వినేలా చేసినవాటిలో అవి ముఖ్యమైనవి.

మన రాష్ట్ర రాజముద్ర గురించి మాట్లాడవద్దని కొందరు ముందే హెచ్చరించారు. ఏలె లక్ష్మణ్ రూపొందించిన 2014 నాటి ముద్రలో కాకతీయ తోరణం, చార్మినారు ఉన్నాయి. అవి రాచరికపు గుర్తులని 2024లో తొలగించబోతే వరంగల్‌లో నిరసనలు జరిగి, కొత్త ముద్ర విడుదల వాయిదా పడింది. చెక్కిన చేతులు రాజువి కావు కాబట్టి తోరణం ఉండాలన్నదే నా మాట. అయితే కాకతీయ సేనతో తలపడ్డ సమ్మక్క సారలమ్మల పేరుతో ఆ తోరణం మీద వచ్చిన అభ్యంతరాన్ని నేను కొట్టిపారేయను. ఆ తల్లీకూతుళ్లకు మేడారంలో విగ్రహం లేదు, చిలుకలగుట్ట నుంచి కుంకుమ భరిణె వస్తే లక్షల మంది బెల్లాన్నే బంగారంగా సమర్పిస్తారు. ఇంత లోతైన వాదనకు చోటున్నప్పుడు రెండు పక్షాలూ ప్రకటనలతో సరిపెట్టాయి. జిల్లాకొక బడిలోనైనా పిల్లల చేతికి కాగితమిచ్చి, మీరైతే ఏం గీస్తారని ఎవరూ అడగలేదు.

ఇక్కడే నా అసలు విన్నపం. ఒక పట్టణంలో గోడలకు బొమ్మలు వేయించే పనిని కాంట్రాక్టుకిచ్చారు, పేరెందుకు. ఒకే స్టెన్సిలుతో వీధికొక తోరణం అద్దారు, ఫొటో దిగడానికి మాత్రం నా బడి పిల్లల చేతికి ఎండిపోయిన కుంచెలిచ్చారు. అమ్మా, అయ్యా, ఈ సభలో ప్రహరీ గోడ ఉన్నవాళ్లు చాలామంది ఉన్నారు. పదడుగుల గోడ ఇవ్వండి. మీ వాడలో నీళ్ల గురించి, బడి గురించి, తాగుడు గురించి అక్కడి పిల్లలే మాట వెతికి, అక్షరం దిద్ది రాస్తారు. సున్నం, జాజు ఖర్చు నేను పెట్టుకుంటాను. బోర్డులు రాసి ఇప్పుడు ఖాళీగా ఉన్న ఇద్దరు ముగ్గురు చిత్రకారులు నేర్పడానికి ఒప్పుకున్నారు, వాళ్లకు రోజు కూలి మాత్రం నిర్వాహకులు చూసుకోవాలి. ఏం రాయాలో మీరు చెప్పకూడదు, రాసింది నచ్చకపోయినా వచ్చే పండుగ దాకా తుడపకూడదు. ఈ షరతులకు ఒప్పుకునేవాళ్లు బయట టీ బల్ల దగ్గర నాతో మాట్లాడండి. గోడ యజమాని సంతకంతో అనుమతి కాగితం తప్పనిసరిగా తీసుకుంటాను. ఎనబయ్యవ దశకం గుర్తున్నవాళ్లకు ఎందుకో చెప్పక్కరలేదు. నమస్కారం.