గుర్తు ఎవరిది?

(కళాశాల క్రీడాకారిణుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)

ప్రిన్సిపాల్ మేడమ్‌కి, తోటి ఫిజికల్ డైరెక్టర్లకి, పొద్దుటి ప్రాక్టీసు చెమట ఆరకముందే వచ్చి కూర్చున్న అమ్మాయిలందరికీ నమస్కారం.

నన్ను ఆడపిల్లలు, ఆటలు అన్న అంశం మీద మాట్లాడమన్నారు. అంత పెద్ద అంశం ఎత్తుకుంటే మీకు తెలిసిన మాటలే మళ్ళీ చెప్పాల్సి వస్తుంది. అందుకని ఒక్క లోగో గురించే చెబుతాను. అమెరికాలో ఒక యూనివర్సిటీ తన ఆడపిల్లల జట్ల చొక్కాల మీంచి ఒక గుర్తు తీసేసింది. అభిమానులు ఊరుకోలేదు. రెండేళ్ళు దాటాక ఆ గుర్తు తిరిగొచ్చింది. ముప్పై ఏళ్ళు పి.డి.గా పనిచేసినా నా సొంత ఆట రోజుల గురించి నాకు సరిగ్గా తెలియని ఒక సంగతి ఈ గొడవ చూశాకే తెలిసింది.

టెనెసీ రాష్ట్రంలోని నాక్స్‌విల్‌లో ఉన్న ఆ యూనివర్సిటీలోనే మా అమ్మాయి ఎం.ఎస్. చదివింది. నేను వెళ్ళినప్పుడు క్యాంపస్‌లో మొట్టమొదట చూపించమని అడిగింది ఒక విగ్రహం. ప్యాట్ సమిట్ విగ్రహం. బాస్కెట్‌బాల్ కోచ్. ఆటల్లో ఉన్న ఆడవాళ్ళు ఏ దేశంవాళ్ళైనా ఆమె పేరు వినే ఉంటారు. 38 సీజన్లు ఒకే యూనివర్సిటీలో కోచింగ్, 1,098 విజయాలు, 8 జాతీయ టైటిళ్ళు. 1997-98 సీజన్‌లో ఆమె జట్టు ఆడిన 39 మ్యాచ్‌లూ గెలిచింది. ఆమె దగ్గర పూర్తి కాలం ఆడిన ప్రతి అమ్మాయీ డిగ్రీ పట్టా పుచ్చుకుంది. నాకు ఈ చివరి లెక్క మీదే ఎక్కువ గౌరవం.

అయితే మొదలు ఎలా ఉందో వినండి. 1974లో ఆమెకు 22 ఏళ్ళు. జీతం నెలకు 250 డాలర్లు. జట్టు వ్యాను తనే నడిపేది. యూనిఫామ్‌లు తనే ఉతికేది. ఆ యూనిఫామ్‌లు యూనివర్సిటీ కొనిచ్చినవి కాదు. అంతకు ముందు ఏడాది డోనట్లు అమ్మి, ఆ డబ్బుతో కొన్నవి. మొదటి మ్యాచ్‌లో మెర్సర్ జట్టు చేతిలో 84-83తో, ఒక్క పాయింటుతో ఓడిపోయారు. చదువుల్లో ఆడ, మగ తేడా చూపకూడదంటూ అమెరికాలో టైటిల్ నైన్ అనే చట్టం వచ్చింది 1972లో. ఆ చట్టం వచ్చి రెండేళ్ళయినా పరిస్థితి అదీ.

ఇప్పుడు పేరు సంగతి. 1812లో మొదలైన యుద్ధానికి తమంతట తామే వెళ్ళిన సైనికుల వల్ల టెనెసీకి వాలంటీర్ స్టేట్ అన్న పేరు వచ్చిందంటారు. యూనివర్సిటీ జట్లు వాలంటీర్స్, ముద్దుగా వాల్స్. ఆడపిల్లల జట్లు లేడీ వాల్స్. మగపిల్లల అమెరికన్ ఫుట్‌బాల్ హెల్మెట్ మీద 1964 నుంచి పెద్ద టి అక్షరం ఉంది, దాన్ని పవర్ టి అంటారు. ఆడపిల్లలది వేరే గుర్తు. టి అక్షరంతో పాటు లేడీ వాల్స్ అన్న మాటలు, యూనివర్సిటీ నారింజ రంగుకి తోడు కాస్త లేత నీలం. ఆడపిల్లల ఆటలకు అక్కడ విడిగా ఒక డిపార్ట్‌మెంటే ఉండేది, దానికి విడిగా డైరెక్టర్. జోన్ క్రోనన్ అనే ఆవిడ 1983 నుంచి సుమారు మూడు దశాబ్దాలు ఆ కుర్చీలో ఉన్నారు. 2012 నాటికి రెండు డిపార్ట్‌మెంట్లనూ కలిపేశారు. అదే ఏడాది సమిట్ కోచ్ పదవి నుంచి తప్పుకున్నారు. అంతకు ముందు ఏడాదే ఆమెకు అల్జైమర్స్ ఉందని బయటపెట్టారు.

2014 నవంబరులో ప్రకటన వచ్చింది. 2015 జూలై 1న యూనివర్సిటీ అడిడాస్ నుంచి నైకీకి మారుతుంది, ఆ రోజు నుంచి ఆడపిల్లల జట్లన్నీ మగపిల్లల జట్లలాగే పవర్ టి ధరిస్తాయి, లేడీ వాల్స్ అన్న పేరూ గుర్తూ ఉండవు అని. ఒక్క బాస్కెట్‌బాల్‌కి మాత్రం మినహాయింపు. సమిట్ వారసత్వాన్ని గౌరవిస్తూ దాన్ని అలాగే ఉంచుతామన్నారు. అందరం ఒకటే యూనివర్సిటీ, అందరికీ ఒకటే గుర్తు. ఇదీ వాళ్ళు చెప్పిన కారణం.

వినడానికి ఎంత బావుందో చూడండి. అందరం ఒకటే. కానీ మన ఇళ్ళల్లో ఈ మాట ఎప్పుడు వింటాం? పెళ్ళప్పుడు వింటాం. ఇకనుంచి రెండు కుటుంబాలూ ఒకటే అంటారు. అన్నాక ఇంటిపేరు మారేది ఎవరిది?

నాక్స్‌విల్ అభిమానుల కోపం సరిగ్గా ఇదే. పవర్ టి అందమైన గుర్తు కాదని ఎవరూ అనలేదు. వాళ్ళూ చిన్నప్పటి నుంచి దాన్ని ప్రేమించినవాళ్ళే. ఒకటయ్యేటప్పుడు రెండు వైపుల నుంచీ కొంత కొంత వదులుకుని ఉంటే ఆ మాటకి అర్థం ఉండేది. మగపిల్లల జట్లకు ఏమీ మారలేదు. మారిందంతా ఒకవైపే. ఆన్‌లైన్‌లో వేల సంతకాలతో పిటిషన్లు నడిచాయి. ఎప్పుడో ఆడి వెళ్ళిపోయినవాళ్ళు, అప్పుడు ఆడుతున్నవాళ్ళు కూడా గొంతు కలిపారు. సంగతి రాష్ట్ర శాసనసభ దాకా వెళ్ళింది.

నేను అక్కడ ఉన్నప్పుడు ఒక సాఫ్ట్‌బాల్ మ్యాచ్‌కి వెళ్ళాం. నా పక్కన డెబ్బై దాటిన ఒక పెద్దావిడ కూర్చుంది. ఉతికి ఉతికి రంగు వెలిసిన లేడీ వాల్స్ స్వెట్‌షర్ట్ వేసుకుంది. మైదానంలో పిల్లల చొక్కాల మీద ఆ గుర్తు లేదు. మా అమ్మాయి ఆమెతో మాట కలిపితే తెలిసింది, ఆవిడ చదువుకునే రోజుల్లో ఆడపిల్లలకు జట్టే లేదట. నేను ఆ స్వెట్‌షర్ట్ వంక చాలాసేపు చూశాను. దాని మీద ఉన్నది ఆమె ఆడని ఆట.

ఆ మినహాయింపు గురించి కాస్త ఆగి మాట్లాడాలి. నా ఉద్దేశంలో అన్నిటికంటే ఎక్కువ గాయపరిచింది ఆ నిర్ణయంలోని దయే. బాస్కెట్‌బాల్ వాళ్ళు గెలిచారు కాబట్టి గుర్తు వాళ్ళకు ఉంటుంది. మరి వాలీబాల్, సాఫ్ట్‌బాల్, ఈత, రోయింగ్, పరుగు? వాటిల్లో చెమటోడ్చిన అమ్మాయిల సంగతి? టీవీలో కనిపించని ఆటలవాళ్ళకు ఉన్న ఆస్తే ఆ గుర్తు. తెల్లారుజామున నదిలో తెడ్డు వేసే అమ్మాయి, నిండిన స్టేడియంలో బంతి వేసే అమ్మాయి ఒకే గుర్తు కింద సమానంగా నిలబడేవాళ్ళు. ఆ సమానత్వం అప్పటికే ఉంది. ఒకటి చేస్తామన్న నిర్ణయం వచ్చి వాళ్ళలో వాళ్ళకే తేడా పెట్టింది.

ఇక్కడ అవతలి వాదం కూడా మీరు వినాలి, ఎందుకంటే అది తేలిగ్గా కొట్టిపారేసేది కాదు. లేడీ అన్న మాట ఎందుకు అంటారు కొందరు. మగపిల్లల జట్టు ఉత్త వాల్స్, ఆడపిల్లలకు మాత్రం ముందొక తోక దేనికి? అమెరికాలో చాలా కాలేజీలు ఈ కారణంతోనే లేడీ అన్న మాట మానేశాయి. మన దగ్గరా అంతే కదా. కబడ్డీ జట్టు గెలిచిందని పేపర్లో వస్తే మగవాళ్ళని అర్థం. మనం గెలిస్తే మహిళల కబడ్డీ జట్టు. నేను ఈ తోక మీద నా సర్వీసంతా పోట్లాడాను. అయినా ఈ విషయంలో నాక్స్‌విల్ అమ్మాయిల పక్షమే ఉంటాను. ఇతరులు తగిలించిన పేరు వేరు, ఇతరులు తగిలించినా దాన్ని గెలిచి సొంతం చేసుకున్న పేరు వేరు. 1987 నుంచి 2008 దాకా ఎనిమిదిసార్లు ఆ పేరు జాతీయ విజేతల జాబితాకెక్కింది. దాన్ని ఉంచాలో వదలాలో తేల్చవలసింది దాన్ని మోసినవాళ్ళు. రేపు వాళ్ళే కూర్చుని, ఇక లేడీ అన్నది వద్దు అనుకుంటే నేను చప్పట్లు కొడతాను.

కలపడమే తప్పని కూడా నేను అనను. మన దేశంలో ఆడవాళ్ళ క్రికెట్‌ని చాలాకాలం వేరే సంఘం నడిపింది. డబ్బుల్లేవు, మ్యాచ్‌లు తక్కువ. హైదరాబాద్‌లో పెరిగిన మిథాలీ రాజ్ 1999లో ఇండియాకి ఆడటం మొదలుపెట్టింది ఆ సంఘం రోజుల్లోనే. 2006లో అది బీసీసీఐలో కలిశాక మైదానాలు, కాంట్రాక్టులు, ప్రయాణ సౌకర్యాలు మెల్లగా మెరుగయ్యాయి. కలిస్తే లాభం ఉంటుంది. కలిసేటప్పుడు చిన్న ఇంటివాళ్ళ ఫొటోలు గోడ మీంచి దించకుండా కలవచ్చు, అంతే నేను అనేది.

కోపం వచ్చిన అభిమానులందరి వైపూ న్యాయం ఉంటుందని అనుకోకండి. నార్త్ డకోటా యూనివర్సిటీ కథ దీనికి పూర్తిగా ఎదురు. వాళ్ళ జట్ల పేరు ఫైటింగ్ సూ. సూ అంటే అక్కడి ఆదివాసీ జాతి. జట్టు గుర్తు ఒక ఆదివాసీ ముఖం. 2005లో కాలేజీ ఆటల జాతీయ సంస్థ ఎన్‌సీఏఏ ఇలాంటి పేర్లూ గుర్తులూ ఉన్న కాలేజీల మీద ఆంక్షలు పెట్టింది. స్పిరిట్ లేక్ తెగ ఆ పేరుకు ఒప్పుకుంది, స్టాండింగ్ రాక్ తెగ మండలి మాత్రం ఒప్పుకోలేదు. కేసులయ్యాయి, చట్టాలయ్యాయి, చివరికి 2012లో రాష్ట్రమంతా ఓటు వేసింది. మూడింట రెండు వంతుల మంది ఆ పేరు వదిలేద్దామన్నారు. 2015లో ఫైటింగ్ హాక్స్ అని కొత్త పేరు, మరుసటి ఏడాది డేగ గుర్తు వచ్చాయి. అయినా 2001లో కట్టిన వాళ్ళ హాకీ స్టేడియంలో పాత గుర్తు వేల చోట్ల చెక్కి ఉంది. జాతీయ గీతం చివరి మాట తీసేసి అక్కడ సూ అని అరిచే అభిమానులు ఉన్నారు.

వాళ్ళ బాధ అబద్ధమని నేను అనలేను. తాతతో కలిసి చూసిన ఆట, నాన్న కొనిచ్చిన జెర్సీ, అన్నీ ఆ గుర్తులోనే ఉంటాయి. కానీ ఆ ముఖం ఎవరిదో వాళ్ళలో కొందరు వద్దంటున్నప్పుడు, నాకు ఇష్టం కాబట్టి ఉండాలి అనడం నా మనసు ఒప్పుకోదు. నాక్స్‌విల్‌లో అమ్మాయిలు తమ పేరు తమకు ఇవ్వమన్నారు. నార్త్ డకోటాలో అభిమానులు ఇంకొకరి పేరు తమ దగ్గరే ఉంచుకుంటామన్నారు. రెండు చోట్లా అరుపులు, పిటిషన్లు ఒకేలా కనిపిస్తాయి. అందుకే పేపర్లో ఒక్క హెడ్డింగ్ చదివి ఎవరి పక్షమూ తీసుకోకండి.

ఒక్కోసారి సంగతి ఇంత లోతుగానూ ఉండదు. 2012 నవంబరులో కాలిఫోర్నియా యూనివర్సిటీ వ్యవస్థ కొత్త గుర్తు చూపిస్తే 50 వేలకు పైగా సంతకాలు వచ్చాయి, డిసెంబరులోనే వెనక్కి తీసుకున్నారు. తెరిచిన పుస్తకం ఉన్న పాత ముద్ర పట్టాల మీద అలాగే ఉంటుందని అధికారులు ఎంత చెప్పినా ఎవరూ వినిపించుకోలేదు. అందులో ఎక్కువ భాగం బొమ్మ నచ్చకపోవడమే అని నా అభిప్రాయం.

మళ్ళీ నాక్స్‌విల్‌కి వస్తాను. 2016 జూన్ 28న ప్యాట్ సమిట్ చనిపోయారు. 64 ఏళ్ళు. 2017లో యూనివర్సిటీకి కొత్త ఛాన్సలర్‌గా బెవర్లీ డావెన్‌పోర్ట్, కొత్త అథ్లెటిక్ డైరెక్టర్‌గా జాన్ కరీ వచ్చారు. ఆ సెప్టెంబరులో ప్రకటించారు, ఆడపిల్లల జట్లన్నిటికీ లేడీ వాల్స్ పేరూ గుర్తూ తిరిగి ఇస్తున్నామని. పవర్ టి కూడా ఉంటుంది, ఇదీ ఉంటుంది. ఆ వార్త మా అమ్మాయి ఫోన్‌లో చదివి వినిపించింది. నేను సంతోషించాను. తర్వాత ఒక లెక్క గుర్తొచ్చింది. ఆ రెండేళ్ళలో చదువు ముగించి వెళ్ళిపోయిన అమ్మాయిలు ఉన్నారు. చివరి ఏడాది చొక్కా, చివరి గ్రూప్ ఫొటో, రెండింటి మీదా ఆ గుర్తు లేదు. ఎవరు మనసు మార్చుకున్నా ఆ ఫొటో మారదు.

ఈ కథ నాకెందుకు ఇంత పట్టిందో ఇప్పుడు చెబుతాను. నేను కోస్తాలో ఒక చిన్న పట్నంలో డిగ్రీ చదివాను. కాలేజీ పేరు చెప్పను. మగపిల్లల వాలీబాల్ జట్టుకి ఏటా కొత్త జెర్సీలు వచ్చేవి, ఎదురు రొమ్ము మీద కాలేజీ పేరు అచ్చుతో. మాకు వాళ్ళు విడిచిన పాతవి ఇచ్చేవాళ్ళు. ఉతుకులకు అచ్చు ఊడిపోయి ఉండేది. ఇంటర్ యూనివర్సిటీ సెలెక్షన్లకు వెళ్ళే ముందు హాస్టల్లో పదిమందిమీ కూర్చుని పేరు దారంతో కుట్టుకున్నాం. గొలుసు కుట్టు. కుట్టు రానివాళ్ళకి వచ్చినవాళ్ళు నేర్పారు. రెండు రాత్రులు పట్టింది. మా వార్డెన్ లైటు ఆపకుండా వదిలేసింది.

కొన్నేళ్ళకు కాలేజీ ఉత్సవాలు జరిగాయి. కొత్త గుర్తు, కొత్త జెర్సీలు వచ్చాయి, పాత సామాన్ల గది ఖాళీ చేశారు. కొత్త జెర్సీలు బావున్నాయి, అందులో అబద్ధం లేదు. నాకు ఉత్సవాల ఆహ్వానం కూడా వచ్చింది. వెళ్ళి గదిలో చూస్తే మేము తిరిగి అప్పగించిన జెర్సీలు చిత్తు గోనెలో ఉన్నాయి, నెట్టు ముక్కలతో కలిపి. నేను ఎవరినీ ఏమీ అనలేదు. బట్టలే కదా, ఎందుకింత బాధ అని నన్ను నేనే కోప్పడ్డాను. ఆ సాఫ్ట్‌బాల్ గ్యాలరీలో పెద్దావిడ పక్కన కూర్చున్న రోజున, ఆ బాధ సరైనదేనని తెలిసింది. ఎందుకు ఊరుకున్నావు అని నన్ను ఇప్పుడు అడిగితే నా దగ్గర జవాబు లేదు. నాక్స్‌విల్ వాళ్ళు ఊరుకోలేదు.

ఆ గోనెలోంచి ఒకటి తీసుకొచ్చేశాను. నాది కాదు, ఏడో నంబరు, మా సెట్టర్‌ది. ఆమెకి కుట్టు రాదు. అక్షరాలు ఎడమవైపు నుంచి బాగానే మొదలయ్యాయి గానీ చివరికొచ్చేసరికి చోటు చాలక ఒకదాని మీదకి ఒకటి ఎక్కాయి. చివరి అక్షరం చంక కుట్టు దగ్గరికి పోయింది. ఇవాళ తెచ్చాను, ఈ బల్ల మీద పెడుతున్నాను. వెనక వరసలకి కనిపించదు, ముందుకొచ్చి చూడండి. ముట్టుకోవచ్చు, పర్లేదు, దారం గట్టిదే.