బ్లెండర్‌లో వైల్డ్ ఓట్స్ ఎలెవెన్: ఆ కీల్ ఎటు తిప్పాలి?

నమస్తే అండి. ఇవాళ బ్లెండర్‌లో, అంటే త్రీడీ బొమ్మలు చేసే సాఫ్ట్‌వేర్‌లో, పడవ చేద్దాం. మామూలు పడవ కాదు, వైల్డ్ ఓట్స్ ఎలెవెన్. ఇదిగో ఫోటో. వెండి రంగులో ఉన్నది, అదే.

తెలియనివాళ్ళకి రెండు ముక్కలు. ఏటా డిసెంబర్ 26న మధ్యాహ్నం ఒంటిగంటకి సిడ్నీ హార్బర్‌లో తెరచాప పడవల రేసు మొదలవుతుంది. టాస్మేనియాలో హోబార్ట్ దాకా, 628 నాటికల్ మైళ్ళు. ఆ రేసులో అందరికంటే ముందు గీత దాటిన పడవగా దీనికి తొమ్మిదిసార్లు పేరొచ్చింది. గీసింది కాలిఫోర్నియాలోని రైకెల్ పూ అనే డిజైన్ ఆఫీసు, కట్టింది సిడ్నీలో మెకానగీ వాళ్ళు, అప్పటి ఓనర్ బాబ్ ఓట్లీ, వైన్ వ్యాపారం ఆయనది. 2005 డిసెంబర్‌లో నీళ్ళలోకి దింపారు, అదే నెల రేసుకెళ్ళింది. పెయింట్ వాసన కూడా పోయుండదు! ముందు చేరింది, రికార్డు కొట్టింది, హ్యాండిక్యాప్ లెక్కలోనూ, అంటే చిన్నా పెద్దా పడవల్ని సమానం చేయడానికి టైమ్ సవరించే లెక్కలోనూ, గెలిచింది. మూడూ ఒకే ఏడాది. అంతకుముందు ఆ పని చేసింది 1945లో, మొట్టమొదటి రేసులో, రాణి అనే చిన్న పడవ ఒక్కటే.

సరే, మొదలెడదాం. క్యూబ్ ఉంది కదా, దాన్నే వాడదాం. ఎన్ నొక్కితే పక్కన ప్యానెల్ వస్తుంది, డైమెన్షన్స్‌లో వై దగ్గర 30.48, ఎక్స్ దగ్గర 5.1. మీటర్లలో. కంట్రోల్ ఏ, స్కేల్. ఇది మర్చిపోకండి, మర్చిపోతే తర్వాత అన్నీ వంకర పోతాయి. మధ్యలో లూప్ కట్, సగం డిలీట్, మిర్రర్, క్లిప్పింగ్ ఆన్. ఇవన్నీ మీకు తెలిసినవే, గబగబా వెళ్ళిపోతున్నా. నిలువుగా ఇంకో పన్నెండు కట్‌లు. ఓ నొక్కి ముక్కు దగ్గర సన్నం చేయండి. ఇంకా. ఇంకా సన్నం. ఆ, చాలు.

ఇక్కడ ఒక్క నిమిషం. ముప్పై మీటర్ల పొడవుకి వెడల్పు అయిదే చూశారా? చాకులాగా ఉంటుంది. దీని ప్రత్యర్థి కొమాంచీ, అదీ 100 అడుగులే, కానీ వెడల్పు దగ్గర దగ్గర 8 మీటర్లు. గాలి బలంగా, పక్కనుంచి కొడితే కొమాంచీని పట్టుకోలేం, ఆ వెడల్పే దాన్ని నిలబెడుతుంది. గాలి పడిపోతే మాత్రం నీటికి తగిలే ఒళ్ళు ఎంత తక్కువుంటే అంత మంచిది, అప్పుడు ఈ చాకుదే రాజ్యం. 2014లో అదే జరిగింది. హార్బర్‌లోంచి ముందు బయటపడింది కొమాంచీ, తర్వాత ఆస్ట్రేలియాకీ టాస్మేనియాకీ మధ్యనున్న బాస్ జలసంధిలో గాలి తగ్గేసరికి ఇది దాటుకుని వెళ్ళిపోయింది.

కాబట్టి వెడల్పు పెంచకండి. లావుగా ఉంటే చూడ్డానికి బాగుంటుందనిపిస్తుంది, నాకూ అనిపించింది. పెంచకండి.

ఇప్పుడు కీల్. ఈ వీడియో చేస్తోందే దీనికోసం.

కీల్ అంటే పడవ అడుగున కిందికి దిగే రెక్క, దాని చివర సీసపు గుండు. మామూలు పడవల్లో అది కదలదు. దీంట్లో హైడ్రాలిక్ రాడ్లతో అటూ ఇటూ 40 డిగ్రీల దాకా ఊగుతుంది. ఎందుకు? హుస్సేన్ సాగర్‌లో చిన్న తెరచాప పడవలు చూసుంటారు, తెరచాప ఒకవైపు వాలుతుంటే కుర్రాళ్ళు రెండోవైపుకి వీపు వంచి నీళ్ళమీదికి వేలాడుతుంటారు. అదే పని ఇక్కడ ఆ గుండు చేస్తుంది, నీళ్ళ కింద. హైడ్రాలిక్ పంపు నడవాలి కాబట్టి రేసు పొడుగునా ఇంజిన్ ఆన్‌లోనే ఉంటుంది. ముందుకి తోయడానికి కాదు, ఈ కీల్‌కీ, తాళ్ళు లాగే వించ్‌లకీ. తెరచాప పడవలో ఇంజిన్ చప్పుడేంటని గొణిగేవాళ్ళు ఇప్పటికీ ఉన్నారు, నాకైతే తప్పనిపించదు.

రెక్కా గుండూ చేశాను, కంట్రోల్ జె, కలిపేశాను. మొదటిసారి నేనేం చేశానో చూపిస్తా. రొటేషన్ వై, 40. చూశారా! రెక్క పైభాగం పడవ పక్కనుంచి బయటికి పొడుచుకొచ్చింది. ఎందుకంటే ఆరిజిన్, ఈ నారింజ చుక్క, రెక్క నడుమన ఉంది. అది పైన, పడవ అడుగు అంటుకునే చోట ఉండాలి. నేనేమో తిప్పడం, చేత్తో జరపడం, మళ్ళీ తిప్పడం. ఒక రాత్రంతా అదే. తెల్లారాక వెలిగింది.

కంట్రోల్ జడ్, వెనక్కి. ట్యాబ్. రెక్క పైఅంచు సెలెక్ట్ చేయండి. షిఫ్ట్ ఎస్, కర్సర్ టు సెలెక్టెడ్. మళ్ళీ ట్యాబ్. రైట్ క్లిక్, సెట్ ఆరిజిన్, ఆరిజిన్ టు త్రీడీ కర్సర్. చుక్క పైకెళ్ళింది. ఇంకోసారి చెప్తా: అంచు, షిఫ్ట్ ఎస్, ట్యాబ్, సెట్ ఆరిజిన్. ఇప్పుడు కీల్, తర్వాత పడవ సెలెక్ట్ చేసి కంట్రోల్ పి.

ఇంకో తప్పు ఉంది. గాలి ఎడమనుంచి వస్తోందనుకోండి. పడవ కుడికి వాలుతుంది. పడవకి రొటేషన్ వై 20. గుండు గాలి వచ్చే వైపుకి, అంటే ఎడమకి పోవాలి. వ్యతిరేక దిక్కు కదా అని నేను మైనస్ 40 కొట్టాను. తప్పు! గుండు కూడా కుడికే వెళ్ళింది, నిజం పడవైతే బోల్తానే. ప్లస్ 40 కొట్టాలి. పైనున్న తెరచాప కొయ్య కుడికి వాలే తిప్పుడులోనే కింద వేలాడేది ఎడమకి పోతుంది. గోడ గడియారం పెండ్యులం తలుచుకోండి. ఇదిగో, ప్లస్. ఇప్పుడు సరిగ్గా ఉంది.

కీల్ అలా పక్కకి పడుకున్నాక ఒక తంటా. పడవ పక్కకి జారిపోకుండా ఆపే పని ఇక అది సరిగ్గా చేయలేదు. అందుకే మొదట్లో దీనికి ముందొక చుక్కాని, వెనకొక చుక్కాని, రెండు పెట్టారు. ఆ తర్వాత రెక్కలు తీయడం, పెట్టడం ఆగలేదు. 2011లో 3 నిమిషాల 8 సెకన్లతో ఓడిపోయింది, రెండు రోజులు సముద్రంలో నలిగొచ్చి. 2012లో మళ్ళీ మూడూ గెలిచింది, 1 రోజు 18 గంటల 23 నిమిషాల 12 సెకన్లు. 2013లో పక్కకి పొడుచుకొచ్చే అడ్డ రెక్క ఒకటి తగిలించారు. స్విస్ చాకు అని పేరెట్టారు జనం, తెరిస్తే అన్నీ బ్లేడ్‌లే.

2015 మోడల్ కావాలంటే షిఫ్ట్ డి కొట్టి కాపీ తీయండి. ఎం నొక్కి వేరే కలెక్షన్‌లో పెట్టండి, ఏడాది పేరు రాయండి. నేను ఇలాగే దాస్తా, ఫైల్ పేరు చివర ఫైనల్, ఫైనల్2 అని రాసుకునే అలవాటు మానేశా. వెనక అంచు వెర్టెక్స్‌లు జి, వై, 2. ముక్కువైపు ఉన్నవీ జి, వై, 2. అంతే. నిజంగానే వెనక దాదాపు 2 మీటర్లు కోసి ముందు అంతే పెంచారు. పొడవు మారలేదు, రూల్ ప్రకారం 100 అడుగులు దాటకూడదు. కానీ చూడండి, కీల్ కదలకపోయినా ముక్కునుంచి వెనక్కి జరిగినట్టయింది.

ఇంత కోత కోసి 2015లో బయల్దేరితే మొదటి రాత్రే మెయిన్ తెరచాప చిరిగి వెనక్కి వచ్చింది. 2016లో ముందుండగా ఇదే కీల్ హైడ్రాలిక్స్ పాడై మళ్ళీ వెనక్కి. 2017 ఇంకా ఘోరం. హోబార్ట్ దగ్గర డెర్వెంట్ నదిలో గాలి పడిపోయి కొమాంచీని దాటింది, 26 నిమిషాల ముందు చేరింది. కానీ స్టార్ట్ అయిన కాసేపటికే కొమాంచీకి దారివ్వకుండా మరీ దగ్గరగా తిరిగింది. అప్పుడే రెండు చుట్లు గుండ్రంగా తిరిగి శిక్ష తీర్చుకుని ఉంటే పోయేది, తిరగలేదు. జ్యూరీ గంట కలిపింది. గెలుపు కొమాంచీకి, రికార్డూ దానికే. కెప్టెన్ మార్క్ రిచర్డ్స్ మొహం ఆ రోజు చూడాల్సింది. 2018లో మళ్ళీ వచ్చి తొమ్మిదోది పట్టుకెళ్ళాడు.

సరే, కొయ్యకి సిలిండర్ చాలు, పడవ పొడవుకన్నా ఎత్తుగా ఉండాలి, రిఫరెన్స్ ఫోటో పక్కన పెట్టుకుని కొలవండి. తెరచాపలకి క్లాత్ సిమ్యులేషన్ వాడదామనుకున్నా, నా ల్యాప్‌టాప్ ఏడ్చింది. అది వేరే వీడియోలో. కంట్రోల్ ఎస్ కొట్టారా? కొట్టండి.