వేడి చేసిందని ఊరుకోకండి

శ్రోతలకు నమస్కారం. ఎండాకాలంలో కందుకూరు, పొదిలి వైపు ఎవరికైనా విరేచనం గట్టిపడి కాస్త నెత్తురు కనబడితే ఇంట్లో ముందుగా వినిపించే మాట "వేడి చేసింది" అన్నదే. ఆ మాటను నేను తీసిపారేయను. చెమటగా పోయిన నీటిని మనం తిరిగి తాగకపోతే పెద్దపేగు మలంలోని నీటిని మరింతగా పీల్చుకుంటుంది. అలాంటప్పుడు నాలుగు రోజులు మజ్జిగా నీళ్లూ బాగా తాగితే చాలామందికి సర్దుకుంటుంది. సర్దుకోకపోయినా అదే మాట చెప్పుకుంటూ నెలలు గడిపేయడమే నన్ను బాధపెడుతున్నది.

ఒంగోలు దగ్గరి పల్లె నుంచి ఒక పెద్దావిడ మా దగ్గరికి వచ్చారు. మొలలనుకొని ఆరు నెలలు పసరు మందు వాడారట. కింది కనురెప్ప లాగి చూస్తే లోపలి పొరలో ఎర్రదనమే లేదు, ఒంట్లో నెత్తురు అంత తగ్గిపోయింది. "కోడలితో కూడా చెప్పుకోలేకపోయాను నాయనా" అన్నారు. ఆమెకు పెద్దపేగులో గడ్డ ఉంది.

విరేచనానికి రోజుకు మూడుసార్లు వెళ్లినా, వారానికి మూడుసార్లే వెళ్లినా సహజమే. అందువల్ల ఒక పూట కాలేదని విరేచనాల మాత్ర మింగనక్కర్లేదు. మీ అలవాటు మారి, ఆ మార్పు మూడు వారాలు దాటినా పోకపోతే, ముఖ్యంగా యాభై ఏళ్లు పైబడినవారు, తప్పక చూపించుకోవాలి. నెత్తురు పడినా, కారణం లేకుండా బరువు తగ్గినా, విరేచనాలు నిద్రలోంచి లేపుతున్నా అన్ని వారాలు ఆగకూడదు.

రంగు సంగతి కొంచెం జాగ్రత్తగా వినండి. ఐరన్ మాత్రలు వేసుకునేవారికి మలం నల్లబడడం మామూలే. కానీ తారులా నల్లగా, జిగటగా, భరించలేని వాసనతో వస్తే అది కడుపులో కారిన నెత్తురు కావచ్చు. మోకాళ్ల నొప్పులకు దుకాణంలో అడిగి తెచ్చుకున్న మాత్రలు పుండు చేసి ఉండవచ్చు. అదే రోజు ఆసుపత్రికి వెళ్లాలి. మలం సున్నంలా పాలిపోయి, కళ్లు పచ్చబడితే కాలేయం నుంచి పేగులోకి పిత్తం వచ్చే దారి మూసుకుపోయిందేమో చూడాలి.

డాక్టరు మలద్వారంలో వేలితో చేసే పరీక్షకు రెండు నిమిషాలు కూడా పట్టదు. అవసరమైతే కొలనోస్కోపీ చేస్తారు. ముందురోజు మందు తాగి పేగు శుభ్రం చేసుకున్నాక సన్నని కెమెరా గొట్టంతో లోపల చూస్తారు. పేగు లోపలి గోడ మీద మొలిచి, ఏళ్ల తరబడి ఉండి క్యాన్సరుగా మారగల చిన్న పిలక ఏదైనా కనబడితే, చాలాసార్లు దాన్ని అప్పటికప్పుడే తీసివేయగలుగుతారు.