పన్నెండోవాడి పది పాయింట్లు

వేదిక మీదున్న ప్రెసిడెంటు గారికి, సెక్రటరీ గారికి, గ్రౌండుకి రోలర్ ఇప్పించిన కార్పొరేటర్ గారికి (ఆయన రాలేదు, తమ్ముడు గారొచ్చారు, వారికి), ఎనిమిది జట్ల కెప్టెన్లకి, ఆ జట్లలోంచి ఆటగాళ్లని ఏరి కాగితం మీద సొంత జట్టు నడిపించే నాలాంటి మోకాళ్లు పోయిన మేనేజర్లకి, ఎండలో నిలబడే అంపైర్లకి, స్కోరర్‌కి, టీ పట్టుకొచ్చిన బాబుకి, అందరికీ నమస్కారం. ఎవరి పేరైనా మర్చిపోతే మన్నించండి. పేరు మర్చిపోవడం ఎంత తప్పో చెప్పడానికే ఇవాళ నిలబడ్డాను గనక ముందే చెప్పుకుంటున్నాను.

సెక్రటరీ గారు పదిహేను నిమిషాలిచ్చారు. ‘ఫాంటసీ జట్టు ఎంపికలో మెళకువలు’ అని కార్డులో అచ్చు కూడా వేయించారు. పోయినేడు రెండో స్థానంలో వచ్చినవాడు మెళకువలు చెప్పడమేటి, మొదటివాడు చెప్పాలి గానీ అని మీలో కొందరు అనుకుంటున్నారు. ముందు వరసలోనే గుసగుస వినపడింది. ఆ సంగతికే వస్తాను. ముందు అప్పజెప్పిన పని కానిస్తాను.

కొత్తగా చేరినవాళ్ల కోసం రెండు ముక్కలు. ఎనిమిది జట్లు, జట్టుకి పద్నాలుగు పేర్లు, మొత్తం 112 మంది. ఆదివారం పొద్దున్న కాస్కో బంతితో పన్నెండేసి ఓవర్లు. ఒక్కో కుర్రాడికీ కమిటీ ఒక ధర కడుతుంది, మన చేతిలో కాగితం లెక్కలో వంద ఉంటాయి, అందులో పదకొండు మందిని ఏరుకోవాలి, అదే మన ఫాంటసీ జట్టు. వాళ్లు గ్రౌండులో ఆడినదానికి మనకి పాయింట్లు. పరుగుకి ఒకటి, వికెట్టుకి ఇరవై, క్యాచ్‌కి ఎనిమిది, నేరుగా కొట్టిన రనౌట్‌కి పది. కెప్టెన్ అన్నవాడికి రెట్టింపు, వైస్ కెప్టెన్‌కి ఒకటిన్నర. పైసా డబ్బు లేదు. మన ఆంధ్రాలో డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటల్ని 2020లోనే ఆపేశారు, 2025 ఆగస్టులో పార్లమెంటు దేశం మొత్తానికీ చట్టం తెచ్చింది. అది పేపర్లో చూసి మా అల్లుడు ఫోన్ చేసి, ‘‘మావయ్యా, మిమ్మల్ని గానీ పట్టుకుపోతారా?’’ అన్నాడు. మనది తెల్ల కాగితం, జెల్ పెన్ను. గెలిచినవాడికి ప్రెషర్ కుక్కర్, ఆఖరివాడు అందరికీ మిరపకాయ బజ్జీలు. ఆ మాటే చెప్పాను.

ఇక మెళకువలు. పెద్ద లీగుల్లో పిచ్ చూడండి, ఫామ్ చూడండి అంటారు. మన లీగులో ముందు షిఫ్టు చూడాలి. శనివారం రాత్రి సి షిఫ్టు చేసి ఆదివారం పొద్దున్నే బస్సు దిగి నేరుగా గ్రౌండుకొచ్చే బౌలర్ మొదటి ఓవర్లో నాలుగు వైడ్లు వేస్తాడు. అతను ఎంత మంచివాడైనా ఆ వారం వద్దు. తర్వాత పంచాంగం. మాఘమాసంలో మంచి ముహూర్తం ఆదివారం పడిందా, వీడియోగ్రాఫర్ పనిచేసే ఓపెనర్ రాడు, కేటరింగ్ వాళ్ల కుర్రాళ్లిద్దరూ రారు, షామియానా వాళ్ల కీపర్ అసలే రాడు. నేను మూడేళ్లుగా క్యాలెండర్ పక్కన పెట్టుకునే జట్టు రాస్తున్నాను. మూడోది, సముద్రం గాలి. తొమ్మిదిన్నర దాటాక అది లేచిందంటే చెరువు వైపు ఎత్తి కొట్టే బంతి బౌండరీ చేరదు, నిలవేసినట్టు గాల్లో ఆగి ఫీల్డర్ చేతిలో పడుతుంది. రెండో మ్యాచ్ ఆడే జట్టులో నేల మీద కొట్టేవాణ్ణే తీసుకోండి.

నాలుగోది, పన్నెండు ఓవర్ల ఆటలో ఆరో నంబరువాడికి ఆడటానికి ఆరు బంతులు మిగిలితే గొప్ప. ఓపెనింగ్ చేస్తూ బంతి కూడా వేసేవాడు ఉంటే ధరకి జంకకండి. మన విశాఖ సంగతే చూడండి. 1988 డిసెంబర్ 10, ఇందిరా ప్రియదర్శిని స్టేడియం, న్యూజిలాండ్ మీద వన్డే. శ్రీకాంత్ ఓపెనింగ్ దిగి 70 కొట్టాడు. అంతకు ముందు తన ఆఫ్ స్పిన్‌తో ఐదు వికెట్లు తీశాడు. ఆ పొద్దున్న ఎవడైనా శ్రీకాంత్‌ని బౌలర్ లెక్కలో వేసేవాడా? రెట్టింపు పాయింట్లకి కెప్టెన్‌గా ఎవర్ని రాసుకోవాలన్న సంగతీ అంతే. 2005 ఏప్రిల్ 5న మధురవాడ కొత్త స్టేడియంలో పాకిస్తాన్ మీద ధోనీని వన్‌డౌన్ పంపారు. అప్పటికి అతను ఆడిన నాలుగు ఇన్నింగ్సూ కలిపితే 22 పరుగులు. ఆ రోజు 123 బంతుల్లో 148. నేను ఆ మ్యాచ్ చూశాను. నా పక్కన కూర్చున్నాయన టోపీ విసిరేశాడు, అది మళ్లీ దొరకలేదు.

చవక ఆటగాణ్ణి చిన్నచూపు చూడకండి అని దీని సారాంశం. ఇక్కడ నుంచే నా గోడు మొదలవుతుంది. సెక్రటరీ గారూ, వాచీ చూడకండి, ఇంకా ఎనిమిది నిమిషాలున్నాయి.

పోయినేడు నేను పదిమందిని కొనేసరికి నా దగ్గర నాలుగు మిగిలాయి. నాలుగుకి వచ్చేది ఒక్కడే. మా వీధి చివర ఇస్త్రీ బండి ఉంది చూడండి, వాళ్ల అబ్బాయి. జట్టులో పద్నాలుగో పేరు. ప్రతి ఆదివారం కిట్ బ్యాగు మోస్తాడు, నీళ్లందిస్తాడు, బౌండరీ బయట పడ్డ బంతి తెస్తాడు. ‘‘ఏటి మావయ్యా, ఆడనోణ్ణి కొన్నావు?’’ అని నవ్వారు. నవ్వినవాళ్లలో ఇద్దరు ఇప్పుడు తల దించుకున్నారు, పర్లేదు, ఎత్తండి.

సెమీఫైనల్. ఆఖరి ఓవర్ ముందు ఈ కుర్రాడి జట్టు డీప్ మిడ్‌వికెట్ ఫీల్డర్‌కి తొడ పట్టేసింది. వేపచెట్టు కింద కూర్చోబెట్టి ఐసు పెట్టారు. ఈ గుంటణ్ణి దింపారు. చెప్పులు బౌండరీ గీత దగ్గరే విడిచి ఉత్త కాళ్లతో పరిగెత్తాడు. ఆఖరి బంతి. బ్యాటింగ్ చేసేవాళ్లకి గెలవడానికి మూడు కావాలి. రెండు తీస్తే టై. బంతి వాడి వైపే పోయింది. ఒక పరుగు అయిపోయింది, రెండోదానికి మళ్లారు. వాడికి ఆ కోణంలో కనపడేది ఒక్క స్టంపు. వంగి తీశాడు, చెయ్యి భుజం మీదికి కూడా పోనివ్వకుండా పక్కనుంచే విసిరాడు. ఎర్రమట్టి లేచింది, స్టంపు లేచింది. ఒక్క పరుగుతో గెలిచారు. అరటిపండ్లు అమ్మే ఆవిడ కూడా లేచి నిలబడింది.

ఇప్పుడు స్కోరర్ సంగతి. నాయనా, నిన్ను తప్పుపట్టడం లేదు. నీ ఒక చేతిలో ఫోను, ఒక చేతిలో ఇడ్లీ ప్లేటు, చుట్టూ పదిమంది ‘‘ఎంతైంది, ఎంతైంది’’ అని. స్కోరు ఎక్కించే యాప్‌లో రనౌట్ చేసిందెవరని అడిగితే తెర మీద పదకొండు పేర్లొచ్చాయి. వీడి పేరు లేదు. నువ్వు డీప్ మిడ్‌వికెట్ అనుకుని ఆ ఐసు పెట్టుకున్నాయన పేరు నొక్కేశావు. చెట్టు కింద కూర్చున్నచోటి నుంచి రనౌట్ చేసిన మొనగాడు ఆయనొక్కడే ప్రపంచంలో! పైగా ఆయన ఇంకొక మేనేజరుకి వైస్ కెప్టెన్. పది కాస్తా పదిహేనైంది. సీజన్ అయ్యేసరికి ఆ మేనేజరు నా మీద పన్నెండు పాయింట్లతో గెలిచాడు. ఆ పదిహేనూ తీసేస్తే నేను మూడుతో ముందున్నాను. కుర్రాడి పదీ కలిపితే పదమూడు.

కమిటీకి కాగితం ఇచ్చాను. తొమ్మిదో నిబంధన ప్రకారం సబ్‌స్టిట్యూట్‌కి, అంటే ఒకరి బదులు ఫీల్డింగుకి దిగినవాడికి, పాయింట్లు లేవన్నారు. పోనీ ఐసాయనకి వేసినవైనా తీసేయండన్నాను. యాప్‌లో ఉన్నదే ఫైనల్ అన్నారు. నాకు కుక్కర్ గురించి బాధ లేదు. మా ఆవిడ దసరాకి ఐదు లీటర్లది కొనుక్కుంది. అయినా ఆ మేనేజరు ఇంటికి వెళ్లినప్పుడల్లా ఆ విజిల్ వినపడితే నాకు కాఫీ దిగదు, అది వేరే సంగతి.

నేను ముప్పై ఒక్కేళ్లు జూట్ మిల్లు టైమాఫీసులో చేశాను. మిల్లు గేటు దగ్గర తెల్లారగట్ల బద్లీ కూలీలు నిలబడేవారు. పర్మినెంటువాడు రాకపోతే వాళ్లలో ఒకణ్ణి లోపలికి పంపేవాళ్లం. మగ్గం పర్మినెంటువాడిదే, మస్టరులో పేరూ అతనిదే. కానీ ఆ షిఫ్టు కూలి? నేసినవాడికే రాస్తాం. బద్లీ అంటే ఎవరో అప్పటి పారిశ్రామిక వివాదాల చట్టంలో 25-సి సెక్షన్ కింద రాసే ఉండేది. ఒకసారి నేనే పొరపాటున బద్లీవాడి షిఫ్టు పర్మినెంటువాడి ఖాతాలో వేశాను. జీతాల రోజున ఆ మనిషి కిటికీ దగ్గరకొచ్చి ఏమీ అనలేదు, కార్డు మాత్రం నా ముందు పెట్టి నిలబడ్డాడు. వెనక లైను కదలడం లేదు. ఆయన కదలడం లేదు. సరిచేయడానికి నాకు పదిహేను రోజులు పట్టింది. ఆ కిటికీ నాకిప్పటికీ కల్లోకొస్తుంది.

మిల్లులో ఉన్నపాటి న్యాయం గ్రౌండులో లేదా అని నేనడిగేది.

పెద్ద క్రికెట్టులో సబ్ పేరు ఎవరూ మింగేయరు. 2001లో ఆస్ట్రేలియా మీద కోల్‌కతా ఈడెన్ గార్డెన్స్ టెస్టు అంటే మనవాళ్లంతా లక్ష్మణ్ 281 అంటారు. అనాల్సిందే, తెలుగువాళ్లం. హర్భజన్ 13 వికెట్లు అంటారు. కానీ ఐదో రోజు టీ తర్వాత ఆస్ట్రేలియా 166కి మూడు. డ్రా అయిపోతోంది. అప్పుడు స్టీవ్ వా కొట్టిన బంతిని షార్ట్ లెగ్ దగ్గర పట్టిందెవరు? హేమాంగ్ బదానీ. ఆ పదకొండు మందిలో లేడు. అక్కడి నుంచి ఎనిమిది పరుగుల్లో ఐదు వికెట్లు, 174కి ఎనిమిది. స్కోరు కార్డు తీసి చూడండి, ‘సబ్’ అని రాసి పక్కన బదానీ పేరుంటుంది. 2005 యాషెస్, అంటే ఇంగ్లండ్, ఆస్ట్రేలియాల టెస్టు సిరీస్, ట్రెంట్ బ్రిడ్జ్ గ్రౌండు. ఆస్ట్రేలియా కెప్టెన్ పాంటింగ్ 48 దగ్గర రనౌట్. విసిరింది ఇంగ్లండ్ సబ్ గ్యారీ ప్రాట్. ఆ మనిషి జీవితంలో ఒక్క టెస్టు ఆడలేదు, ఆ ఒక్క విసురుతో ఇవాళ మన మర్రిపాలెంలో మనం అతని పేరు చెప్పుకుంటున్నాం. మన గుర్‌శరణ్ సింగ్ 1983లో అహ్మదాబాద్‌లో వెస్టిండీస్ మీద సబ్‌గా దిగి నాలుగు క్యాచ్‌లు పట్టాడు. మన నిబంధనల లెక్కన ఆయనకి సున్నా. చెట్టు కిందున్న ఎవరో ఒకరికి ముప్పై రెండు.

ట్రెజరర్ గారి అభ్యంతరం ఒకటుంది, సబబైనదే. సబ్‌కి పాయింట్లిస్తే పొట్టలున్నవాళ్లందరూ బ్యాటింగ్ అవగానే తొడ పట్టుకుని కూర్చుంటారు, పాదరసంలాంటి కుర్రాళ్లని దింపుతారు అని. నిజమే, పాంటింగ్ ఆ రోజు మండిపడిందీ అందుకే. దానికి మందు అంపైర్ చేతిలో ఉంది. దెబ్బ తగిలిందో లేదో చూసి పంపేది ఆయనే. పైగా సబ్ బౌలింగ్ చేయకూడదు, కెప్టెన్సీ చేయకూడదు, అంపైర్లు ఒప్పుకుంటే తప్ప కీపింగ్ కూడా చేయకూడదని ఆట చట్టం 24లోనే ఉంది. వాడికి మిగిలేది పరిగెత్తి పట్టుకోవడం, విసరడం. ఆ రెంటికీ మార్కులివ్వడానికి కూడా చెయ్యి రాకపోతే ఎలాగండీ?

ఆ సాయంత్రం నేను చొక్కాలు తెచ్చుకోవడానికి బండి దగ్గరకి వెళ్లాను. వాళ్లమ్మ ఇస్త్రీపెట్టెలో బొగ్గులు సర్దుతోంది. వీడు ఫోను ఆవిడ ముందు పెట్టి స్కోరు కార్డు పైకీ కిందికీ జరుపుతున్నాడు. ఆవిడకి చదువు రాదు. ‘‘ఏదిరా నీ పేరు?’’ అంది. వాడు ఐసాయన పేరు మీద వేలు పెట్టి, ‘‘ఇదేనే అమ్మా’’ అన్నాడు. ఆవిడ చెయ్యి కొంగుకి తుడుచుకుని ఆ పేరుని ఒకసారి తాకి చూసింది. నేను చొక్కాలు తీసుకోకుండానే వచ్చేశాను.

సెక్రటరీ గారు లేచారు. అయిపోయిందండీ, కూర్చోండి. నేనడిగేది రెండు వాక్యాలు. తొమ్మిదో నిబంధనలో ‘సబ్‌స్టిట్యూట్‌కి పాయింట్లు లేవు’ అన్నది కొట్టేసి, ‘రిజిస్టరైన పద్నాలుగు మందిలో సబ్‌గా దిగినవాడు చేసిన క్యాచ్‌కి, రనౌట్‌కి పాయింట్లు వాడివే’ అని రాయాలి. రెండోది, స్కోరర్ పక్కన ఒక మనిషిని కూర్చోబెట్టి ఇడ్లీ ప్లేటు ఆయన చేత పట్టించాలి. పోయినేటి కుక్కర్ ఎవరి దగ్గరుందో అక్కడే ఉండనివ్వండి, నేను అడగను. ఆయన అంతట ఆయన తెస్తే కాదనను.

నిబంధనల పుస్తకం ఇదిగో, పెన్ను ఇదిగో. ఒప్పుకున్నవాళ్లు చేతులెత్తండి. ఒకటి, రెండు... ట్రెజరర్ గారూ, తల గోక్కుంటున్నారా, ఎత్తారా? సరే, అది కలపొద్దు. ఆ వెనక టీ గ్లాసులు కడుగుతున్న బాబూ, నువ్వూ పద్నాలుగో పేరువే కదా, తడి చెయ్యి అయినా పర్లేదు, ఎత్తు.